ఉదయగిరి దుర్గం: దారి తెలిసిన మనిషి ఉంటేనే ఎక్కండి

నెల్లూరు జిల్లాలో ఒక్క కోటే చూసే వీలుందంటే ఉదయగిరికే వెళ్లాలి. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా సుమారు వంద కిలోమీటర్లు. పొద్దున బస్సెక్కి వచ్చినవాళ్లకు కొండ మొదట్లోనే ఎండ ముదురుతుంది, సగం నుంచి తిరుగుముఖం పట్టాల్సి వస్తుంది. ముందురోజు రాత్రికే ఊరు చేరుకుని ఆరింటికల్లా నడక మొదలుపెట్టాలి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు ఉండాల్సిందే. అరిగిన చెప్పులతో వెళ్తే నున్నటి బండ మీద, ముఖ్యంగా దిగేటప్పుడు, కాలు జారుతుంది.

కొండ ఎత్తు 3,079 అడుగులు. ఒకప్పుడు పైన 8, కింద 5, మొత్తం 13 కోటలుండేవి. ఇప్పుడు చెట్లలో కలిసిపోయిన గోడల్లో ఏది ఏమిటో కొత్తవాళ్లు పోల్చుకోలేరు. అందుకే ఊళ్లో దారి తెలిసినవాళ్లకు ఇచ్చే కూలి దండగ కాదు. అయితే "కోట చూపిస్తా" అన్న మాటతో బేరం ముగించకండి. చిన్న మసీదు, పెద్ద మసీదు, కొండకొమ్ము... ఎక్కడెక్కడికి తీసుకెళ్తారో పేరుపేరునా అడిగి, అప్పుడు రేటు మాట్లాడుకోండి. లేదంటే మొదటి గోడ దగ్గరే "ఇంతే సార్" అనేస్తారు.

కృష్ణదేవరాయలు 1513లో ముట్టడించిన ఈ దుర్గం 1514లో గానీ లొంగలేదు. ఎందుకో ఎక్కుతుంటేనే తెలుస్తుంది. కొన్నిచోట్ల నిట్టనిలువు బండ, దారి ఉన్నచోటల్లా ఎదురుగా గోడ. గెలిచాక ఇక్కడి బాలకృష్ణుణ్ణి తీసుకెళ్లి 1515లో హంపిలో గుడి కట్టి ప్రతిష్ఠించాడు. ఆ గుడి చూసినవాళ్లు ఆ స్వామి పుట్టిల్లు కూడా చూడాలి!

మధ్యాహ్నం కొండ దిగి, భోంచేసి, నాలుగు దాటాక రంగనాయకుల గుడికి వెళ్లండి. ఏటవాలు ఎండ పడితేనే స్తంభాల మీది చెక్కడం లోతు తెలుస్తుంది. గుప్తనిధుల పిచ్చితో ఈ ఊరి కట్టడాలను తవ్వి పాడుచేసిన తీరు చూస్తే మాత్రం కడుపు తరుక్కుపోతుంది.

తిరిగొచ్చేటప్పుడు ఇక్కడి కొయ్య గరిటెలు కొనండి, జీఐ (ఫలానా ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక సూచిక) గుర్తింపు ఉన్న పనితనం. మెడ దగ్గర చూడండి: కొయ్యలోని చార కాడ వెంబడే పోవాలి, అడ్డంగా ఉంటే అక్కడే విరుగుతుంది. వార్నిష్ మెరుపున్నది వద్దు. వాడాక నీళ్లలో నాననివ్వకుండా కడిగి నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే పగులుతుంది. అప్పుడప్పుడు కాస్త కొబ్బరినూనె రాస్తే చాలు.