కేంబ్రిడ్జ్ ఐఈఎల్‌టీఎస్ పుస్తకాలతో లిజనింగ్, రీడింగ్ సాధన: ఒక నర్సు సమీక్ష

బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్‌కు ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ అనే ఇంగ్లీషు పరీక్షలో లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ విభాగాల్లో 7 బ్యాండ్ (తొమ్మిదికి ఇచ్చే స్కోరు), రైటింగ్‌లో 6.5 బ్యాండ్ చూపించాలి. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తూ ఈ పరీక్షకు చదివిన నేను, ఏడాది పాటు ప్రధానంగా ఆధారపడింది కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్ వెలువరించే ఐఈఎల్‌టీఎస్ అభ్యాస పుస్తకాల మీద. రైటింగ్, స్పీకింగ్ విషయంలో మన తప్పు చెప్పడానికి మరో మనిషి కావాలి. లిజనింగ్, రీడింగ్ అలా కాదు. సరైన ప్రశ్నపత్రం, సరైన జవాబుల పట్టిక, కొంత ఓపిక ఉంటే ఎవరికి వారే నేర్చుకోగల విభాగాలు అవి. అందుకే ఈ పుస్తకాలు ఆ రెండింటికి ఎంతవరకు పనికొస్తాయో, ఎక్కడ ఆగిపోతాయో మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

ఈ వరుసలో మొదటి సంపుటం 1996లో వచ్చింది. ఇటీవలి సంవత్సరాల్లో ఏటా ఒకటి చొప్పున వస్తున్నాయి. ఒక్కో సంపుటంలో నాలుగు పూర్తి పరీక్షలు, వెనుక జవాబుల పట్టిక, ఆడియోలో వినిపించే సంభాషణల పూర్తి పాఠం, కొన్ని రైటింగ్ నమూనాలు ఉంటాయి. పదో సంపుటం వరకు ఈ పరీక్షలోని రెండు రకాలు, అకడమిక్, జనరల్ ట్రైనింగ్, రెండూ ఒకే పుస్తకంలో ఉండేవి. 2016లో వచ్చిన పదకొండో సంపుటం నుంచి వాటిని వేరు చేశారు. నర్సులకు కావలసింది అకడమిక్ కాబట్టి కొనేముందు అట్ట మీద ఆ మాట ఉందో లేదో చూసుకోవాలి. రెండు రకాలకూ లిజనింగ్ ఒకటే అయినా రీడింగ్ వేరు, మార్కుల లెక్క కూడా వేరు.

పుస్తకాల కంటే ముందు నేను ఒక కోచింగ్ సెంటర్‌లో చేరాను. అక్కడ ఇచ్చినవి ఎవరెవరి దగ్గర నుంచో వచ్చిన జిరాక్స్ ప్రతులు. కొన్నింటిలో ప్రశ్న సగం తెగిపోయి ఉండేది, కొన్నింటికి జవాబులే తప్పు. ముప్పై మంది కూర్చున్న గదిలో, ఫ్యాన్ల చప్పుడు మధ్య, ముందు బల్ల మీద పెట్టిన ఒకే స్పీకర్‌లో ఆడియో వేసేవారు. వెనుక వరుసలో కూర్చున్న నాకు వినపడనిది నా ఇంగ్లీషు తక్కువ కావడం వల్లనో, స్పీకర్ వల్లనో తెలిసేది కాదు. రెండు నెలలు ఆ అయోమయంలో గడిచాయి. అసలు పుస్తకం కొని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఇంట్లో వినడం మొదలుపెట్టాకే నా తప్పు ఏదో నాకు విడిగా కనిపించింది. ఇంత ఫీజు కట్టి రాసే పరీక్షకు తప్పుల జవాబుపత్రంతో సిద్ధం కావడం విద్యార్థికి జరిగే నిజమైన అన్యాయం. ఈ పుస్తకాలకు నేను ఇచ్చే మొదటి మార్కు వాటి జవాబులను నమ్మవచ్చు అన్నందుకే.

లిజనింగ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నాలుగు భాగాలు, నలభై ప్రశ్నలు, దాదాపు ముప్పై నిమిషాలు. ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. మొదటి భాగం ఇద్దరి మధ్య రోజువారీ సంభాషణ, రెండోది ఒకరే చెప్పే సమాచారం, మూడోది విద్యార్థుల చర్చ, నాలుగోది మధ్యలో విరామం లేని ఉపన్యాసం. నాలుగో భాగమే కష్టమని అందరూ అంటారు, నేను కూడా అలాగే భయపడ్డాను. కానీ నా తప్పుల నోటుబుక్కు తిరగేస్తే ఎక్కువ మార్కులు పోయింది అందరూ సులభమనే మొదటి భాగంలోనే. పేరు, ఫోన్ నంబరు, చిరునామా, తేదీ రాసుకునే భాగం అది. రోజూ అడ్మిషన్ కౌంటర్ దగ్గర అవే వివరాలు రాసే నాకు అక్కడ తప్పులు రావడం మొదట్లో చాలా బాధ కలిగించింది.

కారణాలు వెతికితే చిన్నవే దొరికాయి. మనం హెచ్ అని పలికే అక్షరాన్ని ఆడియోలో ఎయ్‌చ్ అంటారు. ఆర్ అనే అక్షరం బ్రిటిష్ గొంతులో ఆ అని మాత్రమే వినిపిస్తుంది. ఒక ఇంటిపేరును అక్షరాలుగా చెబుతున్నప్పుడు ఏ, ఈ, ఐ మూడూ వేగంగా దొర్లిపోతే, తీరా చూసుకునేసరికి ఏ రాయవలసిన చోట ఐ ఉంటుంది. డబుల్ ఫోర్ అనగానే రెండు నాలుగులు రాయడం తెలుసు కానీ, దాని వెంటనే వచ్చే అంకె ఈలోగా జారిపోతుంది. ఇవి ఇంగ్లీషు రాకపోవడం వల్ల వచ్చే తప్పులు కావు, చెవికి అలవాటు లేకపోవడం వల్ల వచ్చేవి. రోజుకు పది నిమిషాలు, వెనుక ఇచ్చిన పాఠం చూసుకుంటూ మొదటి భాగాన్నే మళ్లీ మళ్లీ వింటే మూడు వారాల్లో ఈ తప్పులు దాదాపు పోయాయి.

పోనిది ఇంకొకటి ఉంది, దాన్ని తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పాలనిపిస్తోంది. ఒక సాధనలో జవాబు టవల్స్ అయితే నేను టవల్ అని రాశాను. మార్కు రాలేదు. అదే పొరపాటు ఒక్క నెలలో పదకొండు సార్లు చేశానని నా నోటుబుక్కులో ఉంది. ఎందుకా అని ఆలోచిస్తే వార్డులో మేం మాట్లాడుకునే మాటలే గుర్తుకొచ్చాయి: పేషెంట్లు, టాబ్లెట్లు, రిపోర్టులు, బెడ్‌షీట్లు. ఇంగ్లీషు మాట మన నోట్లో పడగానే దానికి మన ‘లు’ తగిలిస్తాం. బహువచనాన్ని ఆ ‘లు’ మోస్తుంది కాబట్టి, మాట చివర సన్నగా వినిపించే ‘స్’ శబ్దం కోసం మన చెవి ఎదురుచూడదు. ఈ సంగతి అర్థమయ్యాక, ఖాళీకి ముందు ఏకవచనానికి వచ్చే ‘ఏ’ (a) ఉందా, సంఖ్య ఉందా అని ఆడియో మొదలు కాకముందే చూసుకుని ఖాళీ పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. పుస్తకంలో ఈ సలహా లేదు, ఉండాలని కూడా ఆశించలేం. ప్రపంచమంతటికీ వేసిన పుస్తకానికి మన భాష అలవాట్లు తెలియవు.

చెప్పిన మాటను చెప్పినవారే మార్చుకోవడం ఈ పరీక్షలో మరో పద్ధతి. మంగళవారం కుదురుతుందని చెప్పిన మనిషి, మరో వాక్యం తర్వాత, ఆ రోజు వేరే పని ఉంది కాబట్టి గురువారం వస్తానంటాడు. మొదట విన్నది రాసేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయినవారికి మార్కు పోతుంది. ఈ మలుపులు అసలు పరీక్షలో ఎంత సహజంగా వస్తాయో ఈ పుస్తకాల ఆడియోలోనూ అంతే సహజంగా వస్తాయి. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే చాలా నమూనాల్లో మలుపు ముందే తెలిసిపోయేలా ఉంటుంది, లేదా అర్థం లేని గందరగోళంగా ఉంటుంది. గొంతుల విషయంలోనూ అంతే: బ్రిటిష్, ఆస్ట్రేలియన్, న్యూజిలాండ్, ఉత్తర అమెరికా యాసలు తగిన పాళ్లలో వినిపిస్తాయి. అమెరికన్ సినిమాలు చూసిన అలవాటుతో వచ్చినవారు ఆస్ట్రేలియన్ గొంతు దగ్గర తడబడడం నేను చూశాను.

నా దృష్టిలో పుస్తకం మొత్తంలో అత్యంత విలువైన పేజీలు వెనుక ఉన్న ఆడియో పాఠాలు. చాలామంది వాటిని తిప్పి కూడా చూడరు. మార్కులు లెక్కపెట్టుకుని తర్వాతి పరీక్షకు వెళ్లిపోతారు. అలా నాలుగు సంపుటాలు పూర్తి చేసినా అదే మార్కు దగ్గర ఉండిపోయిన స్నేహితురాలు నాకు ఉంది. నైట్ డ్యూటీ దిగి ఇంటికి వచ్చి, నిద్ర లేచిన తర్వాత, నేను చేసిన పని ఇది: తప్పు పోయిన ప్రశ్న దగ్గరి అర నిమిషం ఆడియోను ఆపి ఆపి వింటూ కాగితం మీద మొత్తం రాయడం, తర్వాత పుస్తకంలోని పాఠంతో పోల్చి చూసుకోవడం. అర నిమిషానికి ఇరవై నిమిషాలు పట్టేది. కానీ ఏ మాట వినపడలేదో, ఏది వినపడినా రాయడం రాలేదో, ఏది ప్రశ్న సరిగా చదవక పోయిందో విడివిడిగా తేలేది. మొదటి సంపుటం మొదటి పరీక్షలో నలభైకి 24 వచ్చిన నాకు, ఇలా మూడు సంపుటాలు చేశాక 31, 32 నిలకడగా వచ్చాయి. లిజనింగ్‌లో 23 సరైన జవాబులకు సుమారు 6 బ్యాండ్, 30కి సుమారు 7, 35కి సుమారు 8 వస్తాయని పరీక్ష నిర్వాహకులే ప్రకటించారు. అకడమిక్ రీడింగ్‌కు కూడా ఈ మూడు అంకెలూ ఇవే. ప్రశ్నపత్రాన్ని బట్టి ఒకటి అర తేడా ఉండవచ్చు.

ఇక రీడింగ్. మూడు వ్యాసాలు, నలభై ప్రశ్నలు, అరవై నిమిషాలు. మూడు వ్యాసాలూ కలిపి 2,150 నుంచి 2,750 పదాల వరకు ఉంటాయి. జవాబులు దిద్దుకోవడానికి, జవాబుపత్రంలోకి ఎక్కించుకోవడానికి వేరే సమయం ఇవ్వరు. పుస్తకంలోని వ్యాసాల ఎంపిక నాకు బాగా నచ్చింది; చరిత్ర, జీవశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, వాస్తుకళ వంటి విషయాల మీద ఉన్న ఆ వ్యాసాలు పరీక్ష అవసరం తీరాక కూడా చదవదగినవి. మూడో వ్యాసం తప్పకుండా బరువుగా ఉంటుంది కాబట్టి మొదటి దానికి పదిహేను నిమిషాలకు మించి ఇవ్వకూడదని నేను పెట్టుకున్న నియమం ఉపయోగపడింది.

రీడింగ్‌లో మనవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ రకం ప్రశ్న: ఇచ్చిన వాక్యం వ్యాసం ప్రకారం నిజమా, తప్పా, లేక వ్యాసం ఆ సంగతే చెప్పలేదా అని తేల్చాలి. ఒక ఉదాహరణ నేనే తయారు చేసి చెబుతాను. ‘1904లో ఆ ఊరిలో మొదటి వైద్యశాలను ఒక వ్యాపారి తన సొంత ఖర్చుతో కట్టించాడు’ అని వ్యాసంలో ఉందనుకుందాం. ‘ఆ వైద్యశాలను ప్రభుత్వ నిధులతో కట్టారు’ అంటే అది ఫాల్స్, ఎందుకంటే వ్యాసం దానికి విరుద్ధంగా చెబుతోంది. ‘ఆ వైద్యశాలలో రోగులకు చికిత్స ఉచితం’ అంటే మాత్రం నాట్ గివెన్. మన మనసు ఇక్కడ ఆగదు. దాత కట్టించాడు, అంటే ధర్మాసుపత్రి, ధర్మాసుపత్రిలో డబ్బు తీసుకోరు, కాబట్టి ట్రూ అని మూడు అడుగులు దానంతట అదే నడుస్తుంది. ఆ మూడు అడుగుల్లో ఒక్కటీ వ్యాసంలో లేదు. పరీక్షకు కావలసింది మన లోకజ్ఞానం కాదు, కాగితం మీద ఉన్న వాక్యం.

సరిగ్గా ఇక్కడే పుస్తకం నాకు చాలలేదు. అచ్చులో ఉన్న జవాబుల పట్టిక ఫాల్స్ అనో, నాట్ గివెన్ అనో ఒక మాట చెప్పి ఊరుకుంటుంది, ఎందుకో చెప్పదు. లిజనింగ్‌కు ఆడియో పాఠం ఉన్నట్టు, రీడింగ్‌లో ఏ పేరాలోని ఏ వాక్యం జవాబుకు ఆధారమో అచ్చు పేజీలో చూపి ఉంటే ఒంటరిగా చదివేవారికి ఎంతో మేలు జరిగేది. ఒక్కో ప్రశ్నకు ఆధార వాక్యం నేనే వెతికి గీత గీసుకోవలసి వచ్చింది. ఆ వెతుకులాట వల్ల లాభం కలిగిన మాట నిజమే, కానీ డ్యూటీ మధ్య దొరికే గంటలో దాని కోసం సగం సమయం పోయేది. కొన్ని ప్రశ్నలకు రెండు రోజులు ఆలోచించినా కారణం తోచక, ఇంగ్లీషు బోధించే మా బంధువును అడిగి తెలుసుకున్నాను.

మరో పరిమితి, పుస్తకం కాగితం మీద ఉండడం. కాగితం పరీక్షలో లిజనింగ్ అయ్యాక జవాబులు ఎక్కించుకోవడానికి పది నిమిషాలు ఇస్తారు. కంప్యూటర్ పరీక్షలో సరిచూసుకోవడానికి రెండు నిమిషాలే. అక్కడ వింటూనే టైప్ చేయాలి, రీడింగ్‌లో ఎడమవైపు వ్యాసం, కుడివైపు ప్రశ్నలు పెట్టుకుని చదవాలి. కంప్యూటర్‌లో రాయబోయేవారు చివరి పదిహేను రోజులైనా పరీక్ష నిర్వాహకుల వెబ్‌సైట్లో ఉచితంగా ఉన్న కంప్యూటర్ నమూనాలు చేయడం తప్పనిసరి. తెర మీద పొడవైన వ్యాసం చదవడం కంటికి వేరే సాధన.

కొనేవారికి రెండు మాటలు. 2020 జనవరి నుంచి లిజనింగ్‌లో మొదట ఇచ్చే ఉదాహరణ ప్రశ్నను తీసేశారు కాబట్టి అంతకు ముందటి సంపుటాల్లో ఆ చిన్న తేడా కనిపిస్తుంది. అది తప్ప పాత సంపుటాలు సాధనకు బాగానే పనికొస్తాయి. పాత పుస్తకాల అంగట్లో సగం ధరకు దొరికినప్పుడు, ఆడియో తెచ్చుకోవడానికి పుస్తకంలో ఇచ్చే కోడ్ ముందే వాడేసి ఉందేమో, జవాబులు పెన్నుతో రాసి ఉన్నాయేమో చూసుకుని తీసుకోవాలి. జవాబు కంటపడిన ప్రశ్న సాధనకు పనికిరాదు. ఉన్న సంపుటాలన్నీ కొనవలసిన అవసరం కూడా లేదు. నాలుగు సంపుటాలు, అంటే పదహారు పరీక్షలు, నేను చెప్పినట్టు నిదానంగా చేస్తే చాలు. అందులో కనీసం రెండు పరీక్షలను ముట్టుకోకుండా చివరి వారానికి దాచుకోవాలి.

మా వార్డులో చాలామంది అడుగుతున్నందున ఒక విషయం చేర్చాలి. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ వైద్యరంగంలో పనిచేసేవారి కోసం పెట్టే ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్షను కూడా అంగీకరిస్తుంది. అందులో లిజనింగ్, రీడింగ్ రెండింటిలోనూ 42 ప్రశ్నల చొప్పున ఉంటాయి, విషయాలన్నీ వైద్యరంగానివే, రీడింగ్ మొదటి భాగానికి పదిహేను నిమిషాలే ఇస్తారు. రోగితో మాట్లాడే సంభాషణ వింటూ నోట్స్ నింపడం మనకు తెలిసిన పనే కాబట్టి కొందరికి అది అనుకూలంగా ఉంటుంది. ఆ దారి ఎంచుకున్నవారు ఈ కేంబ్రిడ్జ్ పుస్తకాల మీద డబ్బు పెట్టకుండా, ఓఈటీ వెబ్‌సైట్లో ఉచితంగా ఇచ్చిన నమూనా పరీక్షలతో మొదలుపెట్టడం మంచిది. ఐఈఎల్‌టీఎస్ రాయాలని నిశ్చయించుకున్నవారికి మాత్రం ఈ పుస్తకాలనే కొనమని చెబుతాను; నా దగ్గరున్న నాలుగు సంపుటాల్లో పెన్సిల్ గీతలన్నీ చెరిపి, మా జూనియర్ ఒకరికి గత నెలలోనే ఇచ్చాను, తప్పుల కోసం ఒక కొత్త నోటుబుక్కుతో సహా.