కరకట్ట కింద లాక్: కాలిఫోర్నియాలో చైనీయులు కట్టుకున్న ఊరు

శాక్రమెంటో నుంచి దక్షిణంగా దాదాపు 30 మైళ్లు, శాన్ ఫ్రాన్సిస్కో నుంచి 75 మైళ్లు వెళితే లాక్ వస్తుంది. అసలు వీధి ఒక్కటే. దానికి రెండు పక్కలా రంగు వెలిసి, ఒకదానిమీదికి ఒకటి వాలినట్టుండే చెక్క మేడలు. బే ఏరియా నుంచో ఫోల్సమ్ నుంచో వారాంతంలో వచ్చే మన కుటుంబాలు నాలుగు ఫోటోలు తీసుకుని, "ఇంతేనా" అంటూ పది నిమిషాల్లో కారెక్కేస్తాయి. అలా చూసి వెళ్లేటట్టయితే ఇంత దూరం రానక్కర్లేదు. మేడల కింది నేల ఎవరిదో తెలుసుకుని నడిస్తే మాత్రం మూడు గంటలు కూడా చాలవు.

1915 అక్టోబరులో పక్కనున్న వాల్నట్ గ్రోవ్‌లో చైనీయుల పేట కాలిపోయింది. ఆ పేటలో చైనాలోని వేర్వేరు ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు ఉండేవారు. వాళ్లలో చోంగ్‌షాన్ వాళ్లు ఈసారి విడిగా ఊరు కట్టుకుందామనుకున్నారు. లీ బింగ్ అనే వర్తకుడు ముందుండి, ఆ పక్క పొలాల యజమాని జార్జ్ లాక్‌తో మాట్లాడాడు. కొనే దారి లేదు. 1913 నాటి కాలిఫోర్నియా చట్టం, పౌరసత్వానికి అర్హత లేని ఆసియావాళ్లు సాగుభూమి కొనకూడదంది. దాంతో నేల అద్దెకు, ఇల్లు సొంతం అన్న ఒప్పందం కుదిరింది. రాతకోతలు లేవు, అంతా నోటిమాటే. ఆ నోటిమాట మీద ఊరికి ఊరే లేచింది. మొదట్లో లాక్‌పోర్ట్ అనేవారు, తర్వాత లాక్ అయింది.

1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ వలసదారుడి కేసులో భారతీయులకూ పౌరసత్వ అర్హత లేదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పాక, ఇదే చట్టం కాలిఫోర్నియాలోని పంజాబీ రైతుల మెడకూ చుట్టుకుంది. రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని 1952లో కొట్టేసింది. అప్పటికి లాక్ ఊరి పిల్లలు చదువుకుని పట్నాలకు వెళ్లిపోతున్నారు. 1977లో నేలంతా హాంకాంగ్‌కు చెందిన డెవలపర్ల చేతికి పోయింది. చివరికి ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ కొని, ప్లాట్లుగా విడగొట్టి, 2004లో ఇళ్లవాళ్లకు అమ్మింది. కట్టుకున్న దాదాపు తొంభై ఏళ్లకు గానీ ఇంటి కింది నేలకు పట్టా రాలేదు. అప్పటికి ఊళ్లో మిగిలిన చైనీయులు చాలా కొద్దిమంది. ఈ ఊళ్లో అన్నిటికన్నా బాధపెట్టే సంగతి ఇదే.

ఊరికి నగరపాలన లేదు. మేయరు లేడు, కౌన్సిలు లేదు, పాలన అంతా శాక్రమెంటో కౌంటీదే. ఒకప్పుడు స్థిరంగా ఆరొందల మంది ఉండి, పంటల కాలంలో వెయ్యి దాటేదట. ఇప్పుడు వందమంది కూడా లేరు. 1990లో దీన్ని జాతీయ చారిత్రక చిహ్నంగా ప్రకటించారు. చైనీయులు తమ కోసం తామే కట్టుకున్న పల్లెటూళ్లలో అమెరికాలో ఇంత పూర్తిగా నిలిచింది ఇంకోటి లేదు.

నడక శాక్రమెంటో నది కరకట్ట మీద, రివర్ రోడ్డు వైపు నుంచి మొదలుపెట్టండి. గట్టును ఆనుకున్న మేడలకు రెండు ముఖాలు. పై అంతస్తు తలుపు గట్టు మీది రోడ్డుకు, కింది అంతస్తు తలుపు గట్టు కిందున్న మెయిన్ స్ట్రీట్‌కు తెరుచుకుంటాయి. మెట్లు దిగుతూ ఒక్కసారి ఆగి వెనక్కి చూస్తే గట్టు ఎత్తు తెలుస్తుంది. కోనసీమ లంకల్లో తిరిగినవాళ్లకు ఈ దృశ్యం కొత్తేమీ కాదు, నేల గుణమే వేరు. ఇది తుంగ కుళ్లి పేరుకున్న నేల. 1869లో ఖండాంతర రైలుమార్గం పూర్తయ్యాక పని పోయిన చైనా కూలీలు వందల మైళ్ల కట్టలు పోసి ఈ చిత్తడిని ఆరబెట్టారు. గుర్రాలు దిగబడిపోకుండా వాటి డెక్కలకు వెడల్పాటి జోళ్లు కట్టేవారు. ఆరిన ఆ నేల గాలి తగిలి కరిగిపోతూ వస్తోంది. అందుకే ఈ నది డెల్టా నడిమి లంకలు కొన్ని సముద్రమట్టానికి పదిహేను అడుగులకు పైగా కిందికి దిగిపోయాయి.

సమయం తక్కువుంటే ముందు దాయ్ లోయ్ మ్యూజియం చూడండి. 1916 నుంచి 1951లో అధికారులు మూయించేదాకా ఇది జూదశాల. ఫాన్ టాన్ బల్ల దగ్గర కాసేపు నిలబడండి. ఆట నడిపేవాడు గుప్పెడు గుండీలు బల్ల మీద పోసి గిన్నె బోర్లిస్తాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అంకెల్లో దేనిమీదైనా పందెం కాయాలి. గిన్నె ఎత్తి, సన్నటి పుల్లతో నాలుగేసి గుండీలు పక్కకు లాగుతాడు. చివర మిగిలినన్ని గుండీలే గెలిచిన అంకె. పందెం కాసినవాళ్లంతా పుల్లనే చూస్తుంటారు కాబట్టి మోసం చేసే వీలు తక్కువ. ఎనభై అక్షరాల లాటరీ చీట్లు కూడా ఇక్కడ అమ్మేవారు. ఇప్పటి కీనో ఆట దాన్నుంచి పుట్టిందే. జూదం అనగానే ముఖం చిట్లించుకోకండి. చైనా కూలీల రాకను ఆపిన 1882 నాటి అమెరికా చట్టం కింద కూలీల భార్యలను రానివ్వలేదు. ఒంటరి మగవాళ్లు టీ తాగడానికి, పని ఎక్కడుందో కనుక్కోవడానికి కూర్చునే చోటు ఇదే.

తర్వాత బోర్డింగ్ హౌస్ మ్యూజియం. సందర్శకుల కేంద్రమూ ఇదే, ప్రవేశం ఉచితం. కూలీల గదుల ఇరుకు చూస్తే వాళ్ల బతుకు తెలుస్తుంది. 1926లో కట్టిన చైనీస్ బడి చిన్నది, పావుగంట చాలు. పిల్లలు పగలు ఇంగ్లిష్ బడికి, సాయంత్రం ఇక్కడికి వచ్చేవారు. వెనక వీధి తోటల్లో చైనీయులు కాకర, పొడుగు చిక్కుడు పండించేవారు. తోటలు, పై అంతస్తులు జనం బతుకుతున్న ఇళ్లు. కిటికీల్లోకి తొంగిచూడటం, కంచె దాటడం చేయకండి.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు రోజు ఎంచుకోవడంలోనే. వారం మధ్యలో వస్తే తాళాలే కనబడవచ్చు. శని, ఆదివారాల్లో మధ్యాహ్నం పూట రండి. వేళలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఫోన్ చేయడం మంచిది. రెండో పొరపాటు దారి. హైవే 160 ఈ దగ్గర నదికి పడమటి గట్టు మీద పోతుంది, లాక్ తూర్పు గట్టున ఉంది. 160 మీద వచ్చేవాళ్లు వాల్నట్ గ్రోవ్ వంతెన దాటాలి. పడవ వస్తే వంతెన పైకి లేస్తుంది, ఆగాల్సిందే. ఐ-5 మీద ట్విన్ సిటీస్ రోడ్డు దగ్గర దిగి పడమరకు వచ్చి, నది తగలగానే ఎడమకు తిరగడం తేలిక. మెయిన్ స్ట్రీట్ ఇరుకు, కారు ఊరి చివర పెట్టి నడవండి. చెక్క నడవాలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. పిల్లల బండి, చక్రాల కుర్చీ నెట్టడం కష్టం.

తిండి విషయంలో శాకాహారులు ఆశలు పెట్టుకోవద్దు. 1934 నాటి అల్స్ ప్లేస్‌కు పేరు తెచ్చింది స్టేక్, దాంతోపాటు బల్ల మీద ఉంచే వేరుశెనగ వెన్న, జామ్. చూడదగ్గ చోటే, కడుపు నింపుకోవడానికి మాత్రం పులిహోరో పెరుగన్నమో వెంట తెచ్చుకోండి. లేదా అరగంట దూరంలోని ఎల్క్ గ్రోవ్‌లో ఇండియన్ హోటళ్లున్నాయి.

ఊళ్లో బస లేదు. నది అవతల 1920ల నాటి గులాబీరంగు రైడ్ హోటల్ అందమైనదే. పెళ్లిళ్ల వేదిక కూడా కాబట్టి గదులు ఇస్తున్నారో లేదో ముందే కనుక్కోండి. గుడారం ఉన్నవాళ్లకు రియో విస్టా దిగువన బ్రానన్ ఐలాండ్ పార్కు ఉంది, గాలి గట్టిగా వీస్తుంది, మేకులు లోతుగా దిగ్గొట్టాలి. పిల్లలుంటే ఎల్క్ గ్రోవ్‌లో గది తీసుకోవడమే మేలు.

జులై ఆఖరి ఆదివారం కోర్ట్‌లాండ్‌లో పియర్ పండ్ల జాతర జరుగుతుంది. పండ్లు బాగుంటాయి, ఎండ మండిపోతుంది, లాక్‌లోనూ రద్దీ. నెమ్మదిగా చూడాలంటే ఏప్రిల్ లేదా అక్టోబరు. డిసెంబరు, జనవరి ఉదయాల్లో పొగమంచు పట్టి గట్టు రోడ్డు అంచే కనబడదు, పక్కన రక్షణ గోడ ఉండదు. పది దాటాక బయల్దేరండి.

మిగిలిన పూట స్టాక్టన్‌లోని గురుద్వారాకు ఇవ్వండి, దాదాపు 30 మైళ్లు. 1912లో మొదలైన అది అమెరికాలోనే తొలి సిక్కు గురుద్వారా, గదర్ వీరులు కూడిన చోటు. తలకు గుడ్డ కట్టుకుని, చెప్పులు వదిలి లోపలికి వెళ్లండి. లంగర్‌లో శాకాహారమే, డబ్బు అడగరు.