పాత సిస్టమ్‌కు ‘ఫైర్‌వాల్’ వేస్తమని వస్తున్నరు, పైలం

మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దిక్కు రైస్‌మిల్లులోళ్లు, వేబ్రిడ్జి నడిపేటోళ్లు ఇది జర చదవండి.

మా కాంటా కంప్యూటర్ ఇంకా విండోస్ ఎక్స్‌పీ మీదనే నడుస్తది. కాంటా సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌ల ఎక్కదు, ఇండికేటర్ వైరేమో సీరియల్ పోర్టుకే పెట్టాలె. నల్లగొండల ఒక షాపాయన “లోపటికి ఏదీ రాదు, బయటికి ఏదీ పోదు, ఏడాది గ్యారంటీ” అని మూడున్నర వేలు తీస్కొని ఫైర్‌వాల్ (నెట్ నుంచి వచ్చేపోయేదాన్ని ఆపే కావలి సాఫ్ట్‌వేర్) వేసిండు. బిల్లంటే తెల్లకాయితం మీద రాసిచ్చిండు.

ఒకనాడు వడ్ల లారీ కాంటా మీద ఉండంగనే మౌస్ బాణం దానంతటదే జరిగింది. చెయ్యి ఎవలదీ లేదు. కమాండ్ ప్రాంప్ట్‌ల ‘నెట్‌స్టాట్’ (netstat -ano; సిస్టమ్ ఏ అడ్రస్‌లతోని కలిసి ఉన్నదో చూపించే కమాండ్) కొడితే బయటి అడ్రస్‌కు ఒక కనెక్షన్ ‘ఎస్టాబ్లిష్డ్’ (కలిసే ఉన్నది) అని కనవడ్డది. ఆ ప్రాసెస్ నంబరు టాస్క్ మేనేజర్‌ల పట్టి చూస్తే అది దూరం నుంచి మన సిస్టమ్‌ను నడిపే రిమోట్ సాఫ్ట్‌వేర్, సిస్టమ్ ఆన్ కాంగనే లేసేటట్టు పెట్టిండ్రు. వాళ్లేసిన ఫైర్‌వాల్ ట్రయల్‌ది, గడువు ఎప్పుడో అయిపోయింది. ఫోన్ చేస్తే “సర్వీసుకు అల్కగ ఉంటదని పెట్టినం అన్నా” అన్నడు. మనల్ని అడగొద్దా మరి!

ఎక్స్‌పీల ఉన్న సొంత ఫైర్‌వాల్ లోపటికి వచ్చేదాన్నే ఆపుతది, బయటికి పోయేదాన్ని పట్టించుకోదు. విండోస్ 7ల బయటికి పోయేదాన్ని కూడా ఆపొచ్చు గని, మనం రూల్ పెడితేనే. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్ 8తోనే బందయింది. 2017 మేల వన్నాక్రై అనే వైరస్ 445 పోర్టు (సిస్టమ్‌లు ఫైళ్లు పంచుకునే తొవ్వ) గుండ పాకినప్పుడు మాత్రం ఎక్స్‌పీకి కూడా ఒక ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) ఇచ్చిండ్రు. అది వేసిండ్రా అంటే మా షాపాయన బిక్కమొగం పెట్టిండు.

కాంటాకు నెట్‌తోని పనే లేదు, అందుకే లాన్ కనెక్షన్ డిసేబుల్ చేసిన. పక్క సిస్టమ్‌తోని, ప్రింటర్‌తోని కలిపి ఉంచాలె అనుకునేటోళ్లు ఐపీ అడ్రస్ చేతితోని కొట్టి, డిఫాల్ట్ గేట్‌వే (బయటి నెట్‌కు పోయే తొవ్వ అడ్రస్) డబ్బా ఖాళీగ వదిలిపెట్టండి. ఆఫీసుల ప్రింట్ వస్తది, ఇంటర్నెట్‌కు మాత్రం తొవ్వ దొరకదు. రూపాయి ఖర్చు లేదు. అదే ఆఫీసుల ఇంకో సిస్టమ్‌కు వైరస్ ఉంటే మాత్రం ఇది కాపాడదు, ఎక్స్‌పీ ఫైర్‌వాల్ ఆన్‌లనే ఉంచాలె.

సగం పైసలు వాపస్ ఇస్తనన్నడు, ఇంకా ఇయ్యలే. ఆ షాపు పిలగాడు ఇప్పుడు దేవరకొండ దిక్కు జిన్నింగు మిల్లులకు తిరుగుతున్నడట. మీ దగ్గరికొస్తే, పని అయినంక మీ ముందటనే నెట్‌స్టాట్ కొట్టి చూపిస్తేనే పైసలియ్యండి.