గుహ ఊసే లేని ‘గుహ సూదులు’: హన్మకొండలో అమ్మే రాళ్ల పెట్టె

హన్మకొండలో బడులకు, కాలేజీలకు ల్యాబ్ సామాను అమ్మే ఒక దుకాణంలో ‘గుహ సూదులు’ పేరుతో మూడు రాళ్ల పెట్టె దొరుకుతోంది. ధర 1,450 రూపాయలు. రాళ్లు మంచివే. చీటీలతోనే పేచీ: మూడింటిలో ఒక్కటీ గుహలోది కాదు.

పెట్టెకు అందమంతా తెల్లటి సూదులు విసనకర్రలా విచ్చుకున్న ముక్కది. చీటీ మీద అరగొనైట్ అని రాశారు. రాలిన పలుకొకటి నలిపి రెండు చుక్కల వెనిగర్ వేసి చూడండి. అరగొనైట్ అయితే బుడగలు రావాలి, అది కాల్షియం కార్బనేట్ కదా. ఇక్కడ రావు. గోటికి గీత పడదు కాబట్టి జిప్సం కూడా కాదు. ఇది స్కోలిసైట్, లేదా దాని చుట్టం మెసోలైట్. ఈ రెండింటినీ కంటితో విడదీయడం కష్టం. పుణే, నాసిక్, జళగావ్ వైపు దక్కన్ నల్లరాతి క్వారీల్లో, పాత లావాలో గాలి బుడగలు మిగిల్చిన బొరియల్లో ఇవి పెరుగుతాయి. ఆ లావా రాయి మన ఆదిలాబాద్ దాకా పరుచుకుని ఉంది. గుహ పేరు పెట్టకుండా ఈ సంగతి రాసి ఉంటే పిల్లలకు ఇంకా దగ్గరయ్యేది.

గోధుమ రంగు గుత్తి మాత్రం అసలైన అరగొనైటే. అయితే సూది కాదు: మూడు స్ఫటికాలు కవలల్లా అతుక్కుని ఆరు పలకల స్తంభాలయ్యాయి. మొరాకో బంకమట్టిలో దొరికే రకంలా ఉంది. కాల్సైట్ (అదీ కాల్షియం కార్బనేటే, స్ఫటికాల అమరిక వేరు) అని అనుమానమొస్తే తూచి చూడొచ్చు. డిజిటల్ త్రాసు మీద గ్లాసెడు నీళ్లు పెట్టి సున్నా చేయాలి. ముక్కను దారంతో, అడుగు తగలకుండా ముంచాలి. పొడి బరువు 59 గ్రాములుండి, ముంచినప్పుడు 20 చూపిస్తే సాంద్రత 59 ÷ 20 = 2.95, అంటే అరగొనైట్. కాల్సైట్‌కు 2.71 దగ్గర వస్తుంది. స్తంభాల సందుల్లో గాలి ఇరుక్కుంటే అంకె తగ్గి మోసం చేస్తుంది. ముందే తడిపి, మెల్లగా తట్టి ముంచాలి.

మూడోది పట్టులా మెరిసే జిప్సం. రాతి పగుళ్లలో నారలా పెరిగే ఈ రకాన్ని సాటిన్ స్పార్ అంటారు. గోటితోనే గీత పడుతుంది. దీన్ని కడగొద్దు: లీటరు నీటిలో రెండు గ్రాముల వరకు జిప్సం కరుగుతుంది, మెరుపు పోతుంది. దుమ్మును రబ్బరు బల్బుతో ఊదితే చాలు.

లోపలి కరపత్రంలో ‘నీటి చుక్కలు కారి సూదులు ఏర్పడతాయి’ అని ఉంది. చుక్కలు కారితే వచ్చేది బొర్రా, బెలుం గుహల్లో వేలాడే ఊడల్లాంటివి. అరగొనైట్ సూదులు గోడ మీద పలచగా పాకే నీటి పొర ఆవిరైపోతుంటే పెరుగుతాయి. అందుకే కిందికే కాదు, ఎటు పడితే అటు పొడుచుకొస్తాయి. నీటిలో మెగ్నీషియం ఎక్కువైతే కాల్సైట్ ఎదుగుదల కుంటుపడి అరగొనైట్‌కు చోటు దొరుకుతుంది. టీచర్లు ఆ పేరా కొట్టేసి ఇది రాసుకోవడం మంచిది.

గుహలోవి కాకపోవడం నిజానికి మేలే. గుహలో సూది విరిస్తే మళ్లీ మన కళ్లముందు పెరగదు. ‘బొర్రా నుంచి తెచ్చాం’ అని ఎవరైనా గొప్పగా చెబితే ఆ ముక్క కొనకండి.

ప్యాకింగ్ మాత్రం ఘోరం. తెల్ల ముక్క చుట్టూ దూది కుక్కారు. పోగులు సూదులకు చుట్టుకుంటాయి, లాగితే అవి విరుగుతాయి. అడుగును మెత్తటి పుట్టీతో డబ్బాకు అంటించి, సూదులకు ఏదీ తగలకుండా ఖాళీ వదలాలి. ఇప్పటికే దూదిలో ఉంటే లాగకుండా, చిన్న కత్తెరతో పోగులు కొంచెం కొంచెంగా కత్తిరించి తీయండి. కరీంనగర్, మంచిర్యాల వాళ్లు బస్ పార్సిల్‌లో తెప్పించుకోవద్దు. కౌంటర్ దగ్గరే మూత తీసి చూసుకుని, ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లండి.