‘సిపాయిల తిరుగుబాటు నాటి ఎన్‌ఫీల్డ్’ అంటూ వైజాగ్‌లో అమ్ముతున్నారు: అడ్వాన్స్ పంపే ముందు ఇది చదవండి

వైజాగ్, విజయనగరం, బొబ్బిలి వైపు పాత ఆయుధాలు సేకరించే వాళ్లందరికీ చెబుతున్నాను. ‘1853 ప్యాటర్న్ ఎన్‌ఫీల్డ్, సిపాయిల తిరుగుబాటు నాటిది, జమీందారు ఇంటి సరుకు’ అంటూ ఒక తుపాకీ ఫొటోలు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. అడిగే ధర లక్షా ఎనభై వేలు. చూపించడానికే ముందుగా ఇరవై వేలు పంపమంటారు. నచ్చకపోతే తిరిగి ఇచ్చేస్తామని నాకు మెసేజ్‌లో రాసి మరీ ఇచ్చారు. సరుకు చూశాను, నకిలీ అని తేలింది. అడ్వాన్స్ మాత్రం ఇంతవరకూ రాలేదు. ఇప్పుడు ఫోన్ కూడా ఎత్తడం లేదు.

అమ్మేవాడు ముందు కథ చెబుతాడు. ఒకసారి విజయనగరం కోట నుంచి వచ్చిందంటాడు, ఇంకోసారి అల్లూరి సీతారామరాజు దళం చేతిలో ఉన్నదంటాడు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు తీసుకెళ్లిన మాట నిజమే. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని తుప్పు పట్టిన ప్రతి గొట్టానికీ మన్యం పేరు తగిలిస్తుంటే కడుపు మండుతుంది. అది మనుషులు ప్రాణాలు పెట్టిన పోరాటం. కథకు కాగితం అడగండి. పాత లైసెన్సో, ఆ కుటుంబం రాసిచ్చిన పత్రమో, ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే ఆ కథకు రూపాయి కూడా కట్టవద్దు.

ఇక తుపాకీ చేతికి ఇచ్చాక మొట్టమొదట చేయాల్సింది ఒకటుంది. ఇది ఎవరూ వదలకండి. సన్నటి కర్రపుల్ల ఒకటి బ్యారెల్‌లోకి అడుగు తగిలేదాకా దింపి, మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటికి తీసి, ఆ గుర్తు మూతి దగ్గరే ఉండేలా బ్యారెల్ పక్కన ఆనించి చూడండి. పుల్ల కొస నిపుల్ దాకా, అంటే బ్యారెల్ వెనక చివర నిప్పు పుట్టించే చిన్న క్యాప్ పెట్టే ముక్కు దాకా రావాలి. ముందే ఆగిపోతే లోపల ఏదో ఉన్నట్టే. మూతి నుంచి మందు కూరే పాత తుపాకుల్లో మందుగుండు అలాగే ఉండిపోవడం అరుదేమీ కాదు, ఆ పాత తుపాకీమందు ఎన్నేళ్లయినా అంటుకుంటుంది. పుల్ల పొట్టిగా ఆగితే తుపాకీని దేనికీ తగలనివ్వకుండా కింద పెట్టేయండి.

నాకు చూపించిన దాంట్లో పుల్ల నాలుగంగుళాల ముందే ఆగింది. అడిగితే ‘ఎం-సీల్ కుక్కాం సార్, డెడ్ చేశాం, లైసెన్సు అక్కర్లేదు’ అన్నారు. ఈ మాటకు మోసపోకండి, ఇక్కడ పోయేది డబ్బు ఒక్కటే కాదు. ఆయుధాల చట్టం 1959లోని 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చేది పాతబడినంత మాత్రాన కాదు. రిపేరు చేసినా, చేయకపోయినా తుపాకీగా పనిచేయలేని స్థితిలో ఉంటేనే. స్క్రూడ్రైవర్‌తో గోకితే ఊడే ముద్దను చూపించి ‘పనిచేయదు’ అంటే పోలీసులు ఒప్పుకోరు. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా మామూలు తుపాకీ ఉంచుకుంటే రెండు నుంచి ఐదేళ్ల జైలు. త్రీ నాట్ త్రీ (.303 బోరు) రైఫిల్ అయితే నిషేధిత ఆయుధాల జాబితాలో ఉంది, దానికి ఏడు నుంచి పద్నాలుగేళ్లు. ఎవరైనా త్రీ నాట్ త్రీని యాంటిక్ అని చూపిస్తే ముట్టుకోకుండా లేచి వచ్చేయండి. కొనే ముందే కమిషనరేట్‌లో ఆయుధాల లైసెన్సులు చూసే విభాగంలో అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

ఇప్పుడు ఇనుము సంగతి. అసలు 1853 ఎన్‌ఫీల్డ్‌కు 39 అంగుళాల బ్యారెల్, దాన్ని కర్రకు బిగించే మూడు పట్టీలు, ఇత్తడి ట్రిగ్గర్ గార్డు, మడమకు (భుజానికి ఆనించే వెనక కొసకు) ఇత్తడి రేకు ఉంటాయి. బ్యారెల్ లోపలి వెడల్పు 0.577 అంగుళాలు, అంటే దాదాపు 14.7 మిల్లీమీటర్లు. కొలవడానికి వర్నియర్ క్యాలిపర్ తీసుకెళ్లండి. లోపల మెలి తిరిగే గాడులు మూడు. ఫోన్ టార్చి వేసి మూతి దగ్గరే కాదు, వీలైనంత లోతుకు చూడండి. నేను చూసిన తుపాకీలో గాడులు మూతి నుంచి బెత్తెడు దూరమే ఉన్నాయి, తర్వాతంతా నున్నటి పైపు. ఇక్కడ ఒక మెలిక ఉంది. 1857 తర్వాత మన సిపాయిలకు గాడులు లేని నున్నటి బ్యారెళ్ల తుపాకులు ఇచ్చారు, కాబట్టి మొత్తం నున్నగా ఉన్నంత మాత్రాన నకిలీ అనుకోనక్కర్లేదు. సగం గాడులతో, సగం నున్నగా మాత్రం ఏ ఫ్యాక్టరీ చేసి పంపదు.

లాక్ ప్లేట్, అంటే ట్రిగ్గర్‌కు పైన పక్కన బిగించిన ఇనుప పలక మీద అక్షరాలు తీరిగ్గా చదవండి. కిరీటం కింద వీఆర్ అని ఉంటే అది విక్టోరియా రాణి గుర్తు. ఆవిడ 1901 జనవరిలో పోయింది. వీఆర్ పక్కన 1905 అని ఉందంటే ఎవరో చేత్తో కొట్టిన కాపీ. ఇప్పటి పాకిస్తాన్‌లోని వాయవ్య సరిహద్దులో దర్రా ఆదంఖేల్ వైపు చేసిన కాపీల్లో ఇలాంటి ముద్రలు, తిరగబడిన ఎన్ అక్షరం కనబడతాయి. ఈస్టిండియా కంపెనీ తుపాకుల మీద కాళ్లెత్తి నిలబడ్డ సింహం ఉంటుంది. నాకు పంపిన ఫొటోలో ముద్ర స్పష్టంగా, 1856 అని ఉంది. చేతికొచ్చిన దాంట్లో ఎన్ తిరగబడి ఉంది, అక్షరాలు ఒక్కొక్కటీ ఒక్కో ఎత్తులో ఉన్నాయి. అంటే ఫొటో ఒక తుపాకీది, సరుకు ఇంకోటి.

తుప్పు చూసి వయసు నమ్మకండి. మన ఉప్పుగాలికి కొత్త గేటు కూడా రెండు వానాకాలాలకే ఎర్రబడుతుంది. నిజంగా పాతబడిన ఇనుము మీద పాత బెల్లం రంగులో గట్టి పొర ఉంటుంది, వేలికి అంటదు. ఆసిడ్, ఉప్పు పెట్టి పట్టించిన తుప్పు నారింజ పొడిలా చేతికి వస్తుంది. లాక్ ప్లేట్‌ను పట్టి ఉంచే రెండు మరలు విప్పి లోపల చూపించమనండి. అసలు దాంట్లో కర్ర లోపల రంగు వేయరు, లాక్ భాగాల మీద చిన్న చిన్న ముద్రలు ఉంటాయి. మరల తలల మీది గాడులు చితికిపోయి ఉంటే ఎవరో చాలాసార్లు విప్పినట్టు. విప్పడానికి ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపేయండి. నాకు ఒప్పుకోలేదు. ‘పాత సరుకు, విరిగిపోద్ది’ అన్నారు.

అసలు సరుకైనా ఇత్తడిని తళతళా తోమి, కర్రను గరుకు కాగితంతో రుద్ది, బ్యారెల్‌కు కొత్తగా నీలిరంగు పూసి ఉంటే ధర సగానికి పడిపోవాలి. తోమేసిన ముద్ర మళ్లీ రాదు. కన్ను అలవాటు పడాలంటే బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉన్న పాత ఆయుధాల ముందు ఒక గంట నిలబడండి.

నేను పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాను. ఆ ఫొటోలకు ఆనవాళ్లు ఇవి: ఎర్ర దుప్పటి మీద పెట్టిన తుపాకీ, మడమ కుడివైపు లోతైన గాటు ఒకటి. మీకూ ఇవే వచ్చి ఉంటే మెసేజ్‌లు చెరిపేయకండి. యూపీఐలో డబ్బు పంపినవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఫిర్యాదులు నాలుగైదు కలిస్తే కేసు బలంగా నిలబడుతుంది.