లో వోల్టేజ్‌లో హీరో, హై వోల్టేజ్‌లో జీరో: మా బీఎల్‌డీసీ ఫ్యాన్ సంగతి

రిమోట్, అయిదు స్టార్లు, 30 వాట్లు... ఇవన్నీ డబ్బా మీదే రాసి ఉంటాయి, వాటి జోలికి పోను. ఈ బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్ మీద నాకు ప్రేమ పుట్టింది ఒకే ఒక్క విషయంలో.

ఎండాకాలం రాత్రి ఎనిమిదయ్యేసరికి మా ఊళ్లో కూలర్లన్నీ ఒకేసారి ఆన్ అవుతాయి. వోల్టేజ్ 170కి పడిపోతుంది. పాత ఫ్యానైతే అప్పుడు రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. అది ఇండక్షన్ మోటారు. వోల్టేజ్ పావు వంతు తగ్గితే దాని బలం దాదాపు సగానికి పడిపోతుంది. బీఎల్‌డీసీలో ఉండే బోర్డు ముందు ఏసీని డీసీగా మార్చుకుని, ఆ తర్వాతే మోటారును తిప్పుతుంది. వచ్చేది 170 అయినా 230 అయినా రెక్కలకు తేడా తెలియదు. కొన్న ఏడాది అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఇదే కొనమని చెప్పాను.

పోయినేడాది జూన్‌లో తొలి గాలివానకు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగింది. ఫేజ్ (కరెంటు తెచ్చే తీగ) తెగితే కరెంటు పోతుంది, అంతే. న్యూట్రల్ తెగితే వేరే కథ. వేర్వేరు ఫేజుల మీదున్న ఇళ్లు ఒకదానికొకటి తగులుకుని, రెండు ఫేజుల మధ్య ఉండే 415 వోల్టులను పంచుకుంటాయి. అదీ సమానంగా కాదు. మోటార్లు, ఫ్రిజ్‌లు నడుస్తున్న ఇళ్ల వైపు తక్కువ. ఒక ఫ్యానూ ఒక బల్బూ వేసుకుని పడుకున్న మాలాంటి వాళ్లకు ఎక్కువ.

బల్బు ఒక్కసారిగా తెల్లగా మండింది. పైనుంచి ‘టప్’మని చప్పుడు, వెంటనే కాలిన వాసన. నేను లేచి మెయిన్ ఆపేలోపే పని అయిపోయింది. ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్) కదల్లేదు. దానికి ఆంపియర్లు పెరిగితేనే తెలుస్తుంది, వోల్టులతో సంబంధం లేదు. హాల్లో ఉన్న పాత ఫ్యాన్ కాసేపు పిచ్చి స్పీడుతో తిరిగి, చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. బతికింది మాత్రం.

మర్నాడు మెకానిక్ వచ్చి విప్పాడు. బోర్డు మీద వేరిస్టర్ అనే బిళ్ల నల్లగా మాడి, పగిలిపోయి ఉంది. మెరుపులప్పుడు క్షణంపాటు ఎగిసే వోల్టేజ్‌ను మింగడం దాని పని. అలాగే నిలిచిపోయిన వోల్టేజ్‌ను మింగమంటే తన వల్ల కాదు. ‘‘కండెన్సర్ పోతే అయిదు నిమిషాల పని అన్నా, వైండింగ్ పోతే చుట్టిస్త. దీనికి నా దగ్గర మందు లేదు’’ అని చేతులెత్తేశాడు. హై వోల్టేజ్‌కు కాలినది వారంటీలోకి రాదని కంపెనీ వాళ్లన్నారు. కొత్త బోర్డుకు ఫ్యాన్ ధరలో దాదాపు మూడో వంతు పెట్టాను. అది వచ్చేదాకా అమ్మ ఆ ఉక్కలో హాల్లోనే పడుకుంది.

బోర్డుతో పాటు మెయిన్ దగ్గర ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ కూడా పెట్టించాను. 270 దాటగానే లైన్ తెంపేస్తుంది, మామూలైతే తనే మళ్లీ కలుపుతుంది. ఫ్యాన్ కన్నా ముందు కొనాల్సింది ఇదీ అని ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. పాత రెగ్యులేటర్ ఇంకా లైన్లో ఉంటే తీయించండి, అది ముక్కలు చేసి పంపే కరెంటు ఈ బోర్డుకు పడదు. రెక్కలు తుడవడానికి ఎక్కేముందు గోడ స్విచ్ ఆపండి. రిమోట్‌తో ఆపితే తిరగడమే ఆగుతుంది, బోర్డుకు కరెంటు అందుతూనే ఉంటుంది. కింద పిల్లలెవరైనా రిమోట్ నొక్కారంటే అంతే సంగతులు.

లో వోల్టేజ్ గురించి పైన అన్నదానికీ కొంచెం హద్దుంది. మరీ 130 దాకా దిగిన రాత్రుల్లో ఇదీ ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగింది. ఫుల్ వోల్టేజ్ ఉన్నప్పుడైతే గాలిలో పాతదానికి ఇదేమీ తీసిపోదు, అలాగని మించదు కూడా. రోజుకు పన్నెండు గంటలు వేస్తే, 75 వాట్ల ఫ్యాన్‌తో పోల్చి నెలకు పదహారు యూనిట్లు మిగులుతాయి. మా శ్లాబుకు అదేమంత పెద్ద లెక్క కాదు. ఏసీలు వాడి పై శ్లాబుల్లో బిల్లు కట్టేవాళ్లకు లెక్క వేరు.

దగ్గర్లో సర్వీస్ సెంటర్ ఉండి, వోల్టేజ్ కింద పడే ఊరైతే కొనండి. బోర్డు కోసం పట్నం నుంచి పార్సిల్ రావాల్సిన చోటైతే ఇంట్లో ఒక్క పాత ఫ్యానైనా ఉంచుకోండి. హాల్లో దాన్ని నేనైతే మార్చడం లేదు, దానికి మొన్ననే కొత్త కండెన్సర్ వేయించాను.