డిస్నీ పిన్నులు ఆన్‌లైన్‌లో చవగ్గా కొనకండి

అమెరికాలోని ఓర్లాండోలో వాల్ట్ డిస్నీ వరల్డ్ అనే వినోద పార్కులకి బయల్దేరే ముందు ఆన్‌లైన్‌లో 50 పిన్నుల సంచీ ఒకటి 32 డాలర్లకు కొన్నాను. పిన్నులంటే డిస్నీ బొమ్మలున్న చిన్న లోహపు బ్యాడ్జీలు. పార్కు షాపుల్లో మామూలు పిన్నే ఒక్కోటి 12 డాలర్ల పైమాట. చాలా మిగిల్చానని సంబరపడ్డాను.

అక్కడ పిన్నుల మార్పిడి 1999లో మొదలైంది. కాస్ట్ మెంబర్లు, అంటే పార్కు ఉద్యోగుల్లో కొందరు ల్యాన్‌యార్డ్‌కి, అంటే మెడలో వేసుకునే పట్టీకి, పిన్నులు గుచ్చుకుని ఉంటారు. మనకు నచ్చింది చూపించి, మన దగ్గరున్న అసలైన డిస్నీ పిన్ను ఒకటి ఇస్తే చాలు, డబ్బు ప్రసక్తి లేదు. ఒక్కొక్కరితో రోజుకు రెండే మార్చుకోవచ్చు. వాళ్ల పిన్ను మనం ముట్టుకోకూడదు, వాళ్లే తీసిస్తారు.

తొమ్మిదేళ్ల మా వాడు కొత్తవాళ్లతో నోరు విప్పడు. అలాంటివాడు మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో మధ్యాహ్నానికల్లా తనే వెళ్లి అడగడం మొదలుపెట్టాడు. రెండు రోజుల్లో 11 మార్చుకున్నాడు.

మూడో రోజు ఎప్‌కాట్ అనే ఇంకో పార్కులో బెంచీ మీద ఒక పెద్దావిడ పిన్నుల ఆల్బమ్ తెరిచి కూర్చుంది. మా వాడు ఒకటి అడిగాడు. ఆవిడ వాడి పిన్ను తిప్పి చూసి, వాడినేమీ అనకుండా నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. తన పిన్ను, మాది పక్కపక్కన పెట్టి చూపించింది. మాది తేలిగ్గా ఉంది, అంచులు గరుకు, రంగు అక్కడక్కడా గుంటలు పడింది. ఆవిడ పిన్ను వెనక చిన్న చిన్న మిక్కీ తలల అచ్చు అంచు దాకా సాగింది. మాదానికి అంచుకు ముందే గీత గీసినట్టు ఆగిపోయింది. మిగిలిన 39 కూడా అంతే. డూప్లికేట్లు. వీటిని అక్కడ స్క్రాపర్లంటారట.

మా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు గానీ, తర్వాతి రైడ్ క్యూలో 70 నిమిషాలూ మాట్లాడలేదు. మా వాడు మాత్రం అడిగాడు: "అమ్మా, నేనిచ్చినవి ఇప్పుడు వేరే పిల్లల దగ్గరికి పోయుంటాయా?" 32 డాలర్ల కంటే ఆ ప్రశ్నే నన్ను ఎక్కువ బాధపెట్టింది. వాడు తెచ్చుకున్న 11 పిన్నులూ పరీక్షగా చూస్తే నాలుగు స్క్రాపర్లే. మాకంటే ముందు ఎవరో మాలాగే మోసపోయారు.

అక్కడే షాపులో ఆరు అసలు పిన్నులు కొన్నాం, పన్నుతో కలిపి 89 డాలర్లు. నన్నడిగితే మొదటి రోజే ఇలా ఐదారు కొని ఆపేయండి. పిల్లలకు ఆరు పిన్నులతోనే రోజంతా గడుస్తుంది. ముందువైపు చిన్న మిక్కీ గుర్తు దాగి ఉండే హిడెన్ మిక్కీ పిన్నులుంటాయి, వాటిని వెతకడమే ఒక ఆట. పిల్లలకు దాచుకోవాలనిపించిన పిన్నుకి వెనకున్న రబ్బరు బిళ్ల తీసేసి, లాక్ అయ్యే లోహపు బిళ్ల పెట్టండి. మా స్టిచ్ బొమ్మ పిన్ను రైడ్‌లో ఊడి పోయింది.

ఆ సాయంత్రం ఒక కాస్ట్ మెంబర్ దగ్గర ఫిగ్మెంట్ అనే ఊదారంగు డ్రాగన్ బొమ్మ పిన్ను కనిపించింది. మా వాడు వెనకవైపు చూపించమని అడిగాడు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, పిన్ను తీసి, వాడు చూసినంతసేపూ ఓపిగ్గా పట్టుకుంది.

ఆన్‌లైన్ అమ్మకందారు నుంచి జవాబొచ్చింది: సంచీ విప్పాక వాపసు లేదట.